తాడులో తగ్గిన మీటరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పదిమందికి చూపించుకోదగ్గ వస్తువు ఒక్కటే మిగిలింది, మా తాతయ్య రైఫిలు. గురజాల చుట్టుపక్కల చేలల్లోకి అడవి పందులు దిగే రోజుల్లో లైసెన్సు తీసుకుని కొన్నది. పొలాలు ఒక్కొక్కటే చేతులు మారినా దాన్ని మాత్రం ప్రతి ఆదివారం నూనెగుడ్డతో తుడిచి గోడకు తగిలించేవాడు. నన్ను నరసరావుపేట హాస్టల్లో చేర్చి హైస్కూలు చదివించాలంటే దాన్ని అమ్మక తప్పని స్థితి వచ్చింది.

లైసెన్సు ఉన్నవాడికే అమ్మాలి కాబట్టి తుపాకిని కొనేవాళ్లు తక్కువ. దొరికినవాడు ఒక మిరపకాయల వ్యాపారి. వాళ్ల నాన్న మా గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డవాడు. కొడుకు జీపులో వచ్చి, చెప్పులతోనే అరుగెక్కాడు.

"ఏంది పెద్దయ్యా, నీతోపాటు దీనికీ ముసలితనం వచ్చుండాలే?" అన్నాడు.

"గుండు ఎంత జోరుగా పోద్దో మా మనవరాలు లెక్క కట్టి చెప్పిద్ది. ఆ తర్వాత మాట్లాడు," అన్నాడు తాతయ్య.

ఆ లెక్క నాకు తాతయ్యే నేర్పాడు. తుపాకి పేలగానే స్టాప్‌వాచీ నొక్కాలి. గుండు తగిలిన మోత మన చెవిన పడగానే ఆపాలి. అందులోంచి ఆ మోత వెనక్కి రావడానికి పట్టిన సమయం తీసేస్తే గుండు ప్రయాణించిన సమయం మిగులుతుంది. శబ్దం సెకనుకు మూడువందల నలభై మీటర్లు పోతుంది. అందుకే గురిని సరిగ్గా అంత దూరంలో పెడితే ఒక్క సెకను తీసేస్తే చాలు. ఆ వాచీ మా ఎద్దులు బండలాగుడు పందేలకు వెళ్లిన కాలం నాటిది.

పాత నాపరాళ్ల గని ముందు, వెనక రాతిగోడ ఉన్నచోట, ఒకప్పుడు నూర్పిళ్లకు వచ్చినవాళ్లకు కూర వండిన ఇనప బాణలిని నిలబెట్టారు. మా పాలేరు పది మీటర్ల తాడుతో ముప్ఫైనాలుగుసార్లు కొలిచాడు. తాతయ్య మూడు గుళ్లు కాల్చాడు. మూడూ తగిలాయి. మూడుసార్లూ వాచీ సెకనున్నర చూపించింది. సెకను తీసేస్తే అర సెకను. "సెకనుకు ఆరువందల ఎనభై మీటర్లు!" అని అరిచాను. నా గొంతులో అప్పుడే హాస్టలు గంట మోగింది.

వ్యాపారి నవ్వి, జీపులోంచి గుడ్డ టేపు తెచ్చి తాడు కొలిచాడు. తొమ్మిది మీటర్లే ఉంది.

"పొద్దస్తమానం కాటా ముందు కూచునేటోణ్ణి. నా కాడనా పెద్దయ్యా?"

నాకు అప్పుడు అర్థమైంది. ముందురోజు సాయంత్రం తాతయ్య ఆ తాడు చివర కత్తిరించి, దూడ మెడకు కట్టమని ఆ ముక్క నాకిచ్చాడు. నేనే కట్టాను.

తాతయ్య నావైపు చూడలేదు. చెప్పు తీసి పాలేరు మొహాన కొట్టాడు. "ఒరేయ్ గాడిదా! తాడు కూడా కొలవటం రాదేంట్రా నీకు?"

"నాదే పొరపాటయ్యా," అన్నాడు పాలేరు. నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లిన మనిషి అతను.

"ఇంకో దెబ్బెయ్యి పెద్దయ్యా, పోయిన మీటరు రాలుద్దేమో," అన్నాడు వ్యాపారి, చేతులు కట్టుకుని. తాతయ్య వేశాడు. వాడు చాలనేదాకా వేశాడు. నేను వాచీ పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చెబితే ఆగిపోయేది. చెప్పలేదు.

"ఏమ్మా, చానా తెలివిగలదానివిగా. ఇప్పుడు కట్టు లెక్క."

దూరం మూడువందల ఆరు మీటర్లు. మోత వెనక్కి రావడానికి పట్టింది ఒక్క సెకను కాదు, సెకనులో పదింట తొమ్మిది వంతులు. మిగిలింది పదింట ఆరు. "అయిదువందల పది," అన్నాను. నా గొంతు వణకలేదు. పరాయివాళ్ల ముందు వణకడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు.

తాతయ్య అడిగిన ధరలో సగానికి బేరం తెగింది. జీపు దగ్గరికి వెళ్లాలంటే పశువుల కొట్టం ముందు నుంచే వెళ్లాలి. దూడ మెడకు కట్టిన ముక్క వ్యాపారి కంట పడుతుందని అప్పుడు గుర్తొచ్చింది. కానీ దూడ మెడ బోసిగా ఉంది. పాలేరు అప్పటికే అక్కడ నిలబడి, పగిలిన పెదవిని తువ్వాలుతో ఒత్తుకుంటున్నాడు. జీపు కదిలాక నడుము దగ్గర దోపుకున్న తాడు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"దాచుకో అమ్మాయ్. బాగా చదువుకో," అన్నాడు.

చదువుకున్నాను. ఉద్యోగమంతా లెక్కలు చెప్పాను. మోతకు పట్టిన సమయం తీసేశాకే అసలు వేగం తెలుస్తుందని ఎందరికో నేర్పాను. అతని కాళ్లకు దణ్ణం పెట్టాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మా ఇంటి పిల్లను కదా, వంగలేదు. ఇప్పుడు వంగుదామన్నా అతను లేడు. రైఫిలూ పోయింది, ఇల్లూ పోయింది. వారసత్వంగా నాకు దక్కిన ఆ మీటరు తాడు మాత్రం నా పెట్టెలో ఉంది.