కిటికీకో దీపం ఉన్న రైలు

పెళ్లయిన రెండో ఏట నేను చేసిన పని ఒకటి ఇప్పటికీ నా గుండెల మీద కూర్చునే ఉంది. జుట్టు నెరుస్తోంది. అది మాత్రం నిన్న చేసినట్టే ఉంది. ఎవరికి చెప్పుకోను? అమ్మ లేదు. ఇరుగమ్మకు చెబితే సాయంత్రానికి మా ఖరిదా బజారంతా చెప్పుకుంటుంది. మీరు ముక్కూమొహం తెలియనివారు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం అవతలి పల్లె నుంచి నన్ను తీసుకొచ్చి ఆ ఊళ్లోని ఖరిదా పేటలో ఒక గదిలో కాపురం పెట్టాడు. నాకు బెంగాలీ ముక్క రాదు. వీధిలో ఎవరైనా 'దీదీ' అంటే ఉలిక్కిపడేదాన్ని. ఈ ఊళ్లో నాకున్నది ఆయనొక్కడే. ఆయనకేమో నేనూ ఉన్నాను, ఒక రైలూ ఉంది.

ఇంగ్లండు వెళ్లిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ ఇచ్చిన బొమ్మల పుస్తకంలోది ఆ రైలు. ముందు ఇంజను లేదు, బొగ్గు లేదు, పొగ లేదు. పట్టాల పక్కన ఇంకో పట్టా, అందులో కరెంటు. బోగీ అడుగున ఒక రాగి బద్ద ఆ పట్టాను రాసుకుంటూ పోతే చాలు, బండి నడుస్తుంది. అసలు రైల్లో అడుగు ఉన్నచోట పావు అంగుళం లెక్కన, రేకుతోనూ పాత టేకుచెక్కతోనూ దాన్ని తయారుచేశాడు మా ఆయన. పైన మీగడ రంగు, కింద ముదురు గోధుమ రంగు. కిటికీకో బల్ల, బల్లకో దీపం. ఆ దీపాల గొడుగులు నేను కుట్టాను, నా పెళ్లిచీర పట్టు అంచు కత్తిరించి. ఆ ఆదివారాలు! గుమ్మంలో కూర్చుని ఆయన రేకు అరగదీస్తుంటే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని నేను సూదిలో దారం ఎక్కించుకునేదాన్ని. అలాంటి ఆదివారం ఒక్కటి తిరిగొస్తే చాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

విశ్వకర్మ పూజనాడు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లకు కూడా తెరుస్తారు. పనిముట్లన్నీ ముందే కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు పెట్టేస్తారు. ఆ రోజు ఇక వాటిని ముట్టరు. ఆ ఏడు మా ఆయన రైలును పూజ దగ్గర నడిపించమన్నారు. పెద్దాఫీసరు చూస్తాడు. నచ్చితే కరెంటు బళ్ల పని నేర్చుకోడానికి బొంబాయి పంపిస్తాడు. రెండేళ్లు, ఒక్కడినే. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిందో! నేనూ నవ్వాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను. నన్ను చూసినప్పుడు ఆ ముఖం ఏనాడైనా అంత వెలిగిందా?

పూజ పొద్దున ఆయన స్నానానికి వెళ్లాడు. నా జడలోంచి పిన్ను తీశాను. ముందు బోగీ పక్కరేకు సందులోంచి దూర్చి రాగి బద్దను పైకి వంచాను. కొంచెమే. అది సరిచెయ్యాలంటే స్క్రూలు విప్పాలి. ఆ రోజు ఆయన స్క్రూడ్రైవర్ పట్టడని నాకు తెలుసు. తెలిసే చేశాను. రేపు బాగుచేసుకుంటాడులే, నష్టమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నష్టం రైలుకు కాదని నాకు తెలియదా? తెలిసే ఉంటుంది.

బండి కదల్లేదు. ఒక్క దీపమూ వెలగలేదు. ఆడవాళ్ల మధ్య నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. ఆయన స్విచ్చి మళ్లీ మళ్లీ నొక్కాడు. "ఖోలో, దాదా" అంటూ, విప్పి చూడమని ఎవరో స్క్రూడ్రైవర్ తీసివ్వబోతే తల అడ్డంగా ఊపాడు. ఆఫీసరు ప్రసాదం తీసుకుని వెళ్లిపోయాడు. బొంబాయి ఇంకెవరో వెళ్లారు.

మర్నాడు ఇంటి దగ్గర విప్పి చూశాడు.

"దీన్ని ఎవులైనా ముట్టినారేటే?"

"నానెందుకు ముడతాను మావా? ఎలకేదైనా దూరిందేమో."

ఆ బద్దను వేలితో తడిమి చూశాడు. "ఎలక కాదే. నా సెయ్యే. బిగించినప్పుడు సరిగ్గా సూసుకోనేదు."

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన బద్ద సరిచేశాడు. మా గది నేల మీద, దీపాలన్నీ వెలిగించుకుని, రైలు ఎంత ముద్దుగా నడిచిందో! ఆయన రైలును చూడలేదు. తన చేతులను చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆయన నా దగ్గరే ఉండిపోయాడు. నేను కోరుకున్నది అదే కదా? కానీ ఆ తర్వాత ఇంకే బొమ్మా చెయ్యలేదు. వర్క్‌షాపులో తను బిగించిన బోల్టును పక్కవాడి చేత ఇంకోసారి చూపించుకుంటాడట. రైలు పెట్టెలో పెట్టి అటక మీద పెట్టేశాడు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి కోసం బెంగపెట్టుకునే ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో. ఇప్పుడు ఖరగ్‌పూర్‌కూ కరెంటు బళ్లు వచ్చాయి. టీ తాగొస్తానని చెప్పి స్టేషనుకు వెళ్లి, కలకత్తా లోకల్ వచ్చి వెళ్లేదాకా ప్లాట్‌ఫారం చివర నిలబడతాడు. ఒకసారి వెనకాలే వెళ్లి చూశాను. ఆయన పక్కకు వెళ్లడానికి ధైర్యం చాలలేదు.

ఈ ఏడు పూజకు ఇంట్లో ఉన్న ఆయన పనిముట్లు నేనే కడిగాను. వాటి పక్కన ఆ పిన్ను పెట్టాను. ఇన్నేళ్లూ దాచిందే. అడుగుతాడు, చెప్పేస్తాను అనుకున్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇదీ పనిముట్టేనేటే?" అని నవ్వి, సుత్తికి పెట్టినంత శ్రద్ధగా దానికీ కుంకుమ బొట్టు పెట్టాడు. నేను చెప్పకుండానే హారతి వెలిగించాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆయనతో అనలేని మాట ఒక్కసారైనా బయటికి అనాలి, అంతే.

ఎలక కాదు మావా. నానే. నీ సెయ్యి ఏ తప్పూ సెయ్యనేదు.