బైబిలమ్మగారి నీళ్ళ ఫోటో

మా చిన్నప్పుడు... తెల్లదొరలింకా ఉన్న రోజులు. ఊడ్పులయ్యాక ఆదివారం మధ్యాహ్నం మా పేట ఆడవాళ్ళంతా తాటాకు కప్పిన ఏసుప్రభువు గుడిలో చాపలేసుకుని కూర్చునేవాళ్ళు. కంకిపాడు అవతల చిన్న పల్లె మాది. బెజవాడ నించి, మిషను తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మగారు పడవలో వచ్చి, కాలవ గట్టెంట నడిచొచ్చేది. తెల్లచీర... చంకలో గుడ్డసంచి.

ఆ సంచిలో మిషను దొరసాని ఇచ్చిన ఫోటోలుండేవి. అట్టకి అంటించినవి... కొండ, చెట్టు, మబ్బు. దేవుడి బొమ్మలు తప్ప వేరే బొమ్మ ఎరగని జనం మేం. మొదటిసారి చెట్టు ఫోటో ఇస్తే మా మేనత్త సంతోషమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో ఏసుప్రభువు ఎక్కడున్నాడండీ?"

"లేరమ్మా. ఉట్టి చెట్టే."

"ఉట్టి చెట్టుకి ఫోటో ఏంటండీ! మా దొడ్లో ఉందిగా!"

అందరూ పడీపడీ నవ్వారు. బైబిలమ్మగారూ నవ్వింది. నవ్వాక మెల్లిగా చెప్పింది... "చూడండమ్మా. చూస్తా, మిమ్మల్ని మీరే ఒక మాట అడుక్కోండి. నా మనసులో బరువేంటి అని. జవాబు నాకక్కర్లేదు. మీలోనే ఉంచుకోండి."

అంతే... గుడంతా సద్దుమణిగిపోయేది.

మా అమ్మ దీనమ్మకి ఆ కాసేపే ప్రాణం. ఎందుకో చెబుతా వినండి. ఆ ముందటేడు మా తమ్ముడు కాలవలో పడి చనిపోయాడు. అప్పుడప్పుడే నడకొచ్చిన పిల్లాడు. అమ్మ ఎవరి ముందూ ఏడవలేదు. పొలం, పొయ్యి, గొడ్లు... ఊరికే కూర్చోగా నేను చూసింది అక్కడే. పక్కనే ఆనుకుని పడుకుంటే అమ్మ ఊపిరి నెమ్మదించడం నాకు తెలిసేది.

దాన్ని పాడుచేసింది మావాళ్ళే.

మా కిరస్తానీల్లో, మనసులో ఏది కదిలినా అందరి ముందూ లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం అలవాటు. ఒక వారం మా మేనత్త ఆగలేక లేచింది. "ఈ కొండని చూస్తే నా పాపాలు గుర్తొచ్చాయి" అని భోరుమంది. "స్తోత్రం, స్తోత్రం" అన్నారందరూ. మరుసటి వారం ఇంకొందరు లేచారు... ఒకరిని మించి ఒకరి ఏడుపు. ఏడవనిది రాతిగుండె మనిషనే లెక్క. బైబిలమ్మగారు మొదట్లో వద్దనే అంది. తర్వాత ఆవిడకీ రుచి తగిలింది. ఛీ! తలుచుకుంటే ఇప్పటికీ కంపరం నాకు.

ఒకరోజు ఆవిడ సంచిలోంచి తీసిన ఫోటో నీళ్ళది. నిండుగా, కదలకుండా ఉన్న నీళ్ళు... గట్టున గడ్డి.

అమ్మ తల దించుకుంది.

"నువ్వెప్పుడూ చెప్పలేదు దీనమ్మా. ఈ నీళ్ళు చూస్తే నీకేమనిపిస్తోంది?" అంది బైబిలమ్మగారు.



"చెప్పవే, మేమందరం చెప్పలా?" మా మేనత్త మోచేత్తో పొడిచింది. "పిల్లాడు గుర్తొచ్చుంటాడండీ దీనికి."

బైబిలమ్మగారి మొహం వెలిగింది. నా కళ్ళతో చూశా. "అదేనమ్మా, అదే చెప్పు... ఏడువు తల్లీ, తేలికవుతుంది."

చాపల మీంచి అందరూ ముందుకు జరిగారు. వీధినాటకంలో వేషం ఎప్పుడొస్తుందా అని చూసినట్టు మా అమ్మ మొహంలోకి చూశారు... ఎప్పుడేడుస్తుందా అని!

అమ్మ లేచింది. కొంగు దులుపుకుంది.

"మీలోనే ఉంచుకోండి అన్నారు కదండీ. ఉంచుకున్నాను."

నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది.

మళ్ళీ ఆ కూటానికి పోలేదు. ఆదివారం మధ్యాహ్నం కూడా గడ్డికే పోయేది. "కాసేపు కూర్చోవే అమ్మా" అంటే, "ఎక్కడే?" అనేది.

ఇప్పుడు బెజవాడ భవానీపురంలో మనవరాలింట్లో ఉంటున్నా. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే అదే ఫోన్లో అందరూ చదివేట్టు రాసిపెడుతోంది. దాని ఫోన్లో ఆడవాళ్ళ గ్రూపొకటుంది. పొద్దున్నే కొండో, సముద్రమో ఫోటో వస్తుంది. కింద ఒక ప్రశ్న... "ఈరోజు మీరు వదిలెయ్యాలనుకునే బాధ ఏంటి?" అని.

ఫోటో బాగుంటుంది. ప్రశ్నా మంచిదే. దాని కిందే ఉంటుంది సంత! పోయిన మొగుడి గురించి ఒకామె, కడుపు పోయిన సంగతి ఒకామె... ఆ కింద ఏడుపు బొమ్మలు, దణ్ణాలు. మొన్న ఒకమ్మాయి ఏమీ రాయకపోతే "మీరెందుకు మనసు విప్పడం లేదు?" అని నిలదీశారట. విప్పడానికి అదేమన్నా చాకలి మూటా? రోత పుట్టింది నాకు.

"చెప్పుకుంటే తేలికవుతుంది అమ్మమ్మా" అంటుంది మనవరాలు. చెప్పుకోవాలనుకున్నోళ్ళు చెప్పుకోండి తల్లీ, కాదనడానికి నేనెవర్ని? ఎదుటి మనిషి నోట్లో వేలుపెట్టి లాగుతారే... అదీ నాకసహ్యం. అదీ రాయి, వదిలెయ్యకు.

ఆ నీళ్ళు చూసి మా అమ్మ ఏమనుకుందో నాకు ఇవాళ్టికీ తెలీదు. పోయేదాకా పక్కనే ఉన్నా... అడగలేదు.

అప్పట్లో తొంగిచూసేది ఒక్క పేటే... ఇప్పుడు లోకం లోకమంతా. మీ ఇళ్ళల్లోనూ ఇట్లా నోరు విప్పని అమ్మలుండే ఉంటారు. వాళ్ళ పేర్లు కింద రాయండి... పేరు చాలు, బాధ వద్దు.