నాకంటే ముందు ప్రయాణమైన రేకుపెట్టె

మా తాలూకాలను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన తొలి రోజుల్లో మనుషులకు ప్రయాణమంటే భయం ఎక్కువ, సామాను తక్కువ. ఇప్పటి పిల్లలు ఒంగోలు పోయి రావడానికి మూడు సంచులు సర్దుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. (మండడానికి కూడా ఈ మధ్య ఓపిక ఉండటం లేదు.) అట్లాంటి కాలంలో, ఇరవై రెండేళ్ల వయసులో, నేను సముద్రం దాటి సింహళం పోవడానికి సిద్ధమయ్యాను. అటు గిద్దలూరు, ఇటు త్రిపురాంతకం తప్ప వేరే ఊరు చూసినదాన్ని కాదు.

మూడో తరగతితో బడి మానేసి మార్కాపురంలో పలకల కార్ఖానాలో రాయి మోసేదాన్ని. అక్కడే పలకలక్క పనిచేసేది. రోజంతా పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది కాబట్టి ఆ పేరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమెకు రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పొద్దున ఆమెను మంచం మీద నుంచి ఎత్తి చక్రాల బల్ల మీద కూర్చోబెట్టి కార్ఖానాకు తోసుకుపోవడం, సాయంత్రం మళ్లీ మంచం మీదికి చేర్చడం నా వంతు. ఆమె పక్కింట్లో మంచాల మామ ఉండేవాడు. చూపు లేదు గాని, ఆయన నులక అల్లిన మంచం మీద పడుకుంటే లేవబుద్ధి కాదు. ఆయనకు నులక తెచ్చి ఇవ్వడమూ, అల్లిన మంచాన్ని సంతకు మోయడమూ నేనే. నేను లేకపోతే వీళ్లేమైపోతారో అని రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని. అట్లా అనుకోవడం నాకు సుఖంగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

మా వీధిలో ఉద్యోగం విరమించిన టీచరమ్మ ఒకామె ఇట్లాంటివాళ్లను ఆదివారాలు తన వసారాలో చేర్చి మంచీ చెడ్డా కనుక్కునేది. కాళ్లు లేనివాళ్లను చూసే ఆశ్రమం ఒకటి సింహళంలో ఉందనీ, అక్కడివాళ్లకు చట్రాలు బిగించడం నేర్పుతూ ఆరు నెలలు సేవ చేసే మనిషి కావాలనీ ఆమెకు ఉత్తరం వచ్చింది. జీతం లేదు, తిండీ నీడా వాళ్లవి. “చట్రాలు బిగించడం అక్కను చూసి నేర్చావు. మనిషిని నొప్పి తెలీకుండా ఎత్తడం నీకొచ్చినట్టు ఇంకెవరికీ రాదు. నువ్వే పో” అంది నాతో. ఆరు నెలల తిండి వాళ్లదే అన్న మాట దగ్గర మా నాయన తల ఊపాడు. పాస్‌పోర్టు కాగితాలు టీచరమ్మే రాసి పంపింది. కాగితం దండగని నేను సంతకాన్ని పగిలిన పలకల మీద నెల రోజులు దిద్దాను.

అంతవరకు బాగానే ఉంది. ఇక నాయన పంచాంగం చూపించి వచ్చాడు. “ఎల్లుండి దాటితే మూఢం. రెండు నెల్ల దాకా మంచి దినం లేదు. రేపే ప్రస్థానం పెట్టేద్దాం” అన్నాడు. ప్రస్థానమంటే, మంచి ఘడియలో సామాను గడప దాటించి, పోయే దిక్కున ఉన్న వేరే ఇంట్లో ఉంచడం. అంతటితో మనిషి ప్రయాణమై పోయినట్టే లెక్క. ఆ సామాను మళ్లీ ఇంటికి తెస్తే ప్రయాణం చెడుతుంది. మాకు దక్షిణాన పలకలక్క ఇల్లుంది. నాకున్న మూడు చీరల్లో రెండు, దుప్పటి, కంచం, కొబ్బరినూనె సీసా, దువ్వెన అన్నీ రేకుపెట్టెలో సర్ది ఆమె మంచం కింద పెట్టి వచ్చాను. నాలుగు రోజుల్లో పాస్‌పోర్టు వస్తుందని మా ధీమా.

రెండు నెలలైనా రాలేదు. ఒక మనిషికి రెండు దువ్వెనలెందుకని కొత్తది కొనలేదు. పెట్టె ఇంటికి తేవడానికి లేదు. పొద్దున లేచి, చిక్కుపడిన జుట్టుతో వీధంతా నడిచి, పలకలక్క ఇంట్లో తల దువ్వుకుని, చీర మార్చుకుని, అప్పుడు ఆమెను ఎత్తేదాన్ని. మధ్యాహ్నం నా కంచంలో తినడానికి మళ్లీ అక్కడికే. తిరిగి తిరిగి కాళ్లు పీకేవి.

“ఏందే, నన్ను ఎత్తను వస్తుండావా, నీ దువ్వెన కోసం వస్తుండావా?” అనేది పలకలక్క.

“నాకు చూపు లేదు, దానికి కాళ్లు లేవు. నీకు కొంపే లేకుండా పాయె గదమ్మా” అనేవాడు మామ, నులక లాగుతూ.

ఒకరోజు పనిలోంచి ఇంటికొచ్చేసరికి నాయన మొహం వెలిగిపోతోంది. “పోలీసాయన వచ్చినాడు, నీ పాస్‌పోర్టు సంగతి ఇచారించను. నేను చక్కగా చెప్పి పంపించినా.”

“ఏం చెప్పినావు నాయనా?”

“ఆయమ్మి ఈడ ఉంటాదా అనె. లేదు సార్, ప్రయాణమై పోయింది అన్నా. సామాను చూపించమనె. అంతా పోయింది సార్, దువ్వెన గూడా లేదు అన్నా. ఇల్లంతా చూసుకొని, రాసుకొని పోయినాడు.”

“ఇంట్లోనే ఉండానని చెప్పకపోతివా!”

“ప్రస్థానం పెట్టినాక మనిషి ఇంట్లో ఉందని నా నోటితో అంటే నీ ప్రయాణం చెడిపోదా?” అని నన్నే కసిరాడు.

మూడు వారాలకు కాగితం వచ్చింది. దరఖాస్తులో రాసిన ఇంట్లో ఈ మనిషి ఉండటం లేదు కాబట్టి పాస్‌పోర్టు ఇవ్వరట. అది చదివి టీచరమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ రాస్తే ఏడాది పడుతుంది, ఆశ్రమం వాళ్లు అంత కాలం ఆగరు. నాయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు పెట్టె తెచ్చుకోవడానికి పోయాను. పలకలక్కకు సంగతి చెప్పి, మనసంతా బరువుగా ఉన్నా, అలవాటుగా ఆమెను ఎత్తడానికి వంగాను.

“ఉండు” అంది. దండెం మీది చీరల చాటున దూలానికి వేలాడుతున్న లావుపాటి నులక తాడును రెండు చేతులా పట్టుకుని, ఒక్క ఊపుతో మంచం మీద నుంచి బల్ల మీదికి జారింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. “నువ్వు పోతే ఎట్లని మామ తాడు అల్లి కట్టినాడు. నెలన్నర నుంచి నేనే దిగుతుండా.”

“మరి రోజూ నాచేత ఎందుకు ఎత్తించుకున్నావు?”

మామ గడపలో నుంచి జవాబిచ్చాడు: “నువ్వు ఎట్లాగూ తల దువ్వుకోను వస్తివి. పని లేదని పంపిస్తే నీ మొగం చిన్నబోతాదని అది ఊరుకునె.”

నాకు అక్కడా పని లేదు, ఇక్కడా లేదు. ఎటు చూడాలో తెలియక పెట్టె బయటికి లాగబోయాను. పలకలక్క బల్ల తోసుకుంటూ పొయ్యి దగ్గరికి పోయి, టీ కాచి, గ్లాసు నా చేతికిచ్చింది. “మంచం మీద కూర్చోని తాగు” అంది. అన్నేళ్లలో ఆ మంచం మీద నేను కూర్చున్నది అదే మొదలు. గ్లాసు ఖాళీ కాగానే కడగడానికి లేచాను.

“కూర్చోయే, ఇప్పుడు నిన్ను పనికి ఎవరు పిలిచినారు?” అంది.

కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై రెండేళ్ల ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది. మోకాళ్లు అరిగి మనవరాలు పట్టి లేపే వయసు వచ్చింది గాని, ఒకరి ఇంట్లో ఊరికే కూర్చోవడం మాత్రం నాకు ఇంకా చేతకావడం లేదు.