దంపుళ్ల పాటలో నా ఊపిరి తీసేశారు

నాకు అక్షరం ముక్క రాదు, మనవరాలి చేత రాయిస్తున్నాను. మొన్న ఫిల్మ్‌నగర్ స్టూడియోలో రేడియో కోసం నేను పాడిన దంపుళ్ల పాటని ఇవాళ పిలిచి వినిపించారు. పాటంతా ఉంది కానీ, రోకలి పోటు పోటుకీ నేననే "హుఁ" ఒక్కటీ లేదు.

"కంప్యూటర్లో మీ ఆయాసమంతా చెరిపేశాను మామ్మగారూ! పడుచుపిల్ల పాడినట్టు లేదూ?" అన్నాడు దాని ముందు కూర్చున్నాయన, మహా సంబరంగా.

"ఆయాసమేంటయ్యా! ఒకే రోట్లో నేనూ మా తోడికోడలూ దంచేవాళ్లం. నా హుఁ విన్నాకే ఆవిడ రోకలి వేసేది. అది లేకపోతే రోకలికి రోకలి తగిలి వేళ్లు చితుకుతాయి. నీ వేళ్లు పెడతావా?"

చెరపకముందటి పాట మిగల్లేదట, మళ్లీ పాడమన్నాడాయన. ఆయన్ని ఎదురుగా నిలబెట్టి, నా హుఁ వినగానే గాల్లో పోటు వెయ్యమని పాడాను. మూడో చరణానికల్లా ఆయనకీ హుఁ వచ్చేసింది. "అయ్యో, నాది తీసేస్తానండీ" అన్నాడు. ఉంచమన్నాను.

ఆదివారం పొద్దున రేడియోలో వస్తుందట. రెండు ఊపిర్లూ వినపడ్డాయో లేదో విన్నవాళ్లు చెప్పండి. ఒక్కటి తగ్గినా మళ్లీ స్టూడియోకి వెళతాను.