కుక్కల మైదానానికి ఈశాన్యం గేటు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. దేవుడి గూటి ముందు నిలబడి, దీపం మీద అరచెయ్యి పెట్టి చెప్తున్నాను. నా సంగతి తెలిసిన మా ఆవిడ, నేను చెయ్యి చాపగానే వత్తి కాస్త కిందికి లాగింది. ఆ మాట కూడా దాచడం లేదు.

మేముండేది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మూడో అంతస్తులో. ఆ సెంటర్లకు ఫ్లెక్సీలు వేసి బతుకుతాను. 'నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ' అని రోజూ ముద్రించేవాడికి మాట కొంచెం సాగదీసి చెప్పడం పనిలో భాగమే.

ఒక వానాకాలం మా ఆవిడ ఎర్రమంజిల్ క్వార్టర్స్ గోడ పక్క నుంచి కుక్కపిల్లను కొంగులో చుట్టుకొచ్చింది. హాల్లో టీ కప్పు పెడితేనే ఊరుకోని మనిషి, దాన్ని తన దిండు పక్కన పడుకోబెట్టుకుంది. పెరిగేకొద్దీ దానికి నిలకడ లేకుండా పోయింది. సోఫా చుట్టూ గిరగిరా ఒకటే పరుగు. కింది ఫ్లాటు అసోసియేషన్ ప్రెసిడెంటు గారిది. గోదావరి వైపు మనిషి, రోడ్లూ వంతెనలూ కట్టించి రిటైరైన ఇంజనీరు. ఒక పొద్దున పైకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఏవండీ, మా ఫ్యాను స్విచ్చి వెయ్యకుండానే ఊగుతోందండి. దీనికి పరిగెత్తే చోటైనా చూపించండి, లేకపోతే పంపేయండి. మీటింగులో తేల్చేద్దాం."

"కుక్క పోతే నేను సుత పోత," అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఎక్కడికని అడగలేదు. చెప్పేస్తుందేమోనని భయం.

నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. "చోటు రెడీగనే ఉంది సార్. వికారాబాద్ రోడ్డుల మా బామ్మర్దికి అరెకరం పడావు భూమి ఉంది. చుట్టూ కంచె కొట్టి, కుక్కలను గొలుసు లేకుండ వదిలే మైదానం చేస్తున్నం. ఊరోళ్లు సుత సరే అన్నరు."

అలాంటి మైదానాన్ని ఎప్పుడో ఫోన్లో వీడియోగా చూశాను. అరెకరం ఉన్న మాట నిజమే. కాకపోతే పడావు కాదు, అందులో పత్తి ఉంది.

ఆయన లోపలికొచ్చి కూర్చున్నారు. "గొలుసు లేకుండానా? అయితే రెండు గేట్లుండాలండి. ఒకటి మూస్తేగానీ రెండోది తెరవకూడదు. ప్లాను ఎవరు గీస్తున్నారు?"

"మీ అసొంటోళ్లు గీస్తే బాగుంటది సార్."

"సరే, మైదానం తయారయ్యేదాకా కుక్కను ఉండనివ్వండి. తర్వాత సంగతి తర్వాత."

ఆ మాట నాకు చాలు. ప్లాను పూర్తి కానంతకాలం కుక్క మా ఇంట్లోనే ఉంటుంది.

అప్పటి నుంచి ఆదివారాలు డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేవాళ్లం. చిన్న కుక్కలకు వేరే గది, తాగడానికి తొట్టి, నీడకు వేపచెట్లు, అన్నీ గీశారు. గేటు మాత్రం ఈశాన్యంలోనే ఉండాలన్నారు.

"కుక్కలకు వాస్తేంది సార్?"

"కుక్కలకు కాదండీ, స్థలానికి."

ఈశాన్యం మూల గొర్రెల దారి ఉందని చెప్పాను. గేటు తీస్తే మంద లోపలికే వస్తుంది. ఆయన రబ్బరు తీసుకుని మొత్తం చెరిపారు. మరుసటి ఆదివారం కుంట నిండి మైదానంలోకి నీళ్లొచ్చాయన్నాను. కాలువ గీశారు. తర్వాత ఊరకుక్కలు కంచె కింద తవ్వుతున్నాయన్నాను. కంచెకు పునాది గీశారు.

వారమంతా ఒకటే ఆలోచన, ఈసారి ఏ ఇబ్బంది తేవాలని. సాయంత్రాలు కుక్కను పట్టుకుని మెట్రో స్తంభాల పక్కన పంజాగుట్ట దాకా నడిచేవాణ్ణి. హారన్ మోగితే అది అటు గుంజేది, నేను ఇటు గుంజేవాణ్ణి. ఇంటికొచ్చాక ఇద్దరికీ కాలు నిలిచేది కాదు. వాన పడితే, లేని మైదానం బురదవుతుందని నిజంగానే దిగులేసేది.

కథకు సరుకు కోసం బామ్మర్దికి ఫోన్ చేశాను.

"బావా, మా ఊళ్ల కుక్కలన్ని గొలుసు లేకనే తిరుగుతున్నయి. మళ్ల కంచె ఎందుకే?"

"మీ కుక్కలకు కాదురా, పట్నం కుక్కలకు."

"అంటే పట్నం కుక్కలను తెచ్చి నా చేన్ల జైల్ల పెడ్తవా? దుకాణంల గిరాకీ లేదా బావా నీకు?"

పోయిన ఆదివారం ప్రెసిడెంటు గారు కాగితం చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. "ప్లాను అయిపోయిందండి. వచ్చే ఆదివారం వెళ్లి కొలుద్దాం. బండి మాట్లాడేశాను."

"సర్పంచి ఊళ్ల లేడు సార్."

"ఆయనతో మనకేం పనండీ? టేపు ఉంది కదా."

బయల్దేరాం. ముందు సీట్లో మా ఆవిడ, వెనక మా ఇద్దరి మధ్య కుక్క. మాసబ్ ట్యాంక్ దాటేసరికి అది ఆయన తొడ మీద తలపెట్టి నిద్రపోయింది. దాని నిద్ర చెడకుండా ఆయన ప్లానును దారి పొడుగునా గాల్లోనే పట్టుకున్నారు. ఊళ్లో దిగేసరికి ఎదురుగా పత్తి, తెల్లగా విచ్చుకుని.

పడావు భూమి ఏదని ఆయన అడిగితే, "పడావా?" అన్నాడు బామ్మర్ది. "పోయినేడు సుత పత్తే ఏసినం సార్."

ఆయన నా వైపు తిరిగారు. మా ఆవిడ గొలుసును చేతికి గట్టిగా చుట్టుకుంది. ఆయన గట్టెక్కి, చేను ఆ చివరి దాకా చూసి, "పత్తి ఏరేశాక ఖాళీయే కదండీ?" అన్నారు.

"ఎండకాలం ఖాళీనే సార్," అన్నాడు బామ్మర్ది.

"అయితే విప్పి మడిచే కంచె కావాలి. ఈ ప్లాను పనికిరాదండి, మళ్లీ గియ్యాలి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కోపం మచ్చుకైనా లేదు. మా ఆవిడ గొలుసు విప్పేసింది. కుక్క గట్టు వెంట అట్లా ఉరికింది.

ఇక ఒప్పుకుంటాను. ఊరికి పోయిన ముక్క అంతా నేను కల్పించిందే. ఆ ఆదివారం ఇంకా రాలేదు, రేపు వస్తుంది. బండి మాట్లాడింది నిజం. పత్తి నిజం. మేం వస్తున్నట్టు బామ్మర్దికి ఇంతవరకూ చెప్పలేదు.

సాయంత్రం ఆ ముక్క మా ఆవిడకు చదివి వినిపించాను. పూర్తిగా విని, "ఆయన గట్లనకపోతే?" అంది. నేను కాగితం మడిచాను. "బండి ఎక్కకముందే నువ్వే చెప్పు. జర నిజం చెప్పు ఈ ఒక్కసారి," అంది.

మెట్లు దిగి ఆయన తలుపు దాకా వెళ్లాను. లోపల స్టీలు టేపును లాగుతున్నారు, వదులుతున్నారు. అది గిర్రున చుట్టుకునే చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాను. బెల్లు కొట్టకుండానే పైకి వచ్చేశాను.