అరటి దొప్పలో గదులు

దగ్గరికొచ్చి కూర్చోండి, చెబుతాను. ఇవాళ పెరట్లో అరటి బోదె నరికితే, ఆ వగరు వాసనకి ఓ కార్తీకమాసం గుర్తొచ్చింది.

పెద్దమనిషినయ్యానని నన్ను మూలగదిలో కూర్చోబెట్టారు. నా దీపం అరటి దొప్పలో పెట్టి తనే కాలువలో వదులుతానంది నానమ్మ. ఆ దొప్పని కిటికీలో పెట్టి, “ముట్టుకోకే” అంది. కోసిన చోట చూస్తే అన్నీ బుల్లి గదులు.

“లోపల ఎవరుంటారే నానమ్మా?”

“గాలుంటదే. నీలాగే కదలకుండా కూర్చుంటది.”

నాకు జాలేసింది. ముట్టుకోకూడదు కదా, చీపురుపుల్లతో గదులన్నీ పొడిచేశాను.

తెల్లారి కాలువ నుంచి వచ్చి, నానమ్మ గుమ్మం అవతలే నిలబడింది. “నీ దీపం మునిగిపోయిందేంటే! గదుల్లో గాలి ఉంటేనే కదే దొప్ప తేలేది?”

గాలిని మూసిపెడితే దీపం నిలిచేది. నన్ను మూసిపెడితే ఏం నిలిచిందో ఇప్పటికీ తెలియదు.

మీ ఇల్లు చల్లగుండాలి, మీ ఆడపిల్లలకి తలుపులు తెరిచుండాలి.