ఎస్తేరు డబ్బా

నా పార్లర్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా చూపు అద్దం కింది సొరుగు మీదికి పోయేది. మొన్నటిదాకా, ఆరేళ్లపాటు ఇదే వరస. వచ్చింది కనుబొమలు తీయించుకునే పిల్లేనని తెలిశాక కూడా దారం పట్టుకుని కాసేపు అటే చూసేదాన్ని. ఆ సొరుగులో, పాత దువ్వెనల వెనుక, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా దాచాను. ఎన్నోసార్లు పారేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. మీరు నన్నెరుగరు. నా దుకాణం మెట్లు ఎప్పుడూ ఎక్కి ఉండరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది దేవరకొండ. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు బస్టాండుకు దగ్గరలో మేడ మీద గది కిరాయికి తీసుకుని లేడీస్ పార్లర్ పెట్టాను. మూడు నెలలు నేర్చుకున్న పని, ఒక అద్దం, ఒక కుర్చీ, ఒక తెర. అంతే నా సంస్థానం. వచ్చేవాళ్లలో పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్లు ఎక్కువ. బుగ్గల మీద మంగు మచ్చలు. మంగు నిదానంగా పోతుంది, ఒక్కోసారి పోదు. కానీ వాళ్లకు ఇంట్లో పెళ్లి ఉంటుంది, పెళ్లి పది రోజుల్లో ఉంటుంది.

అలాంటి వాళ్ల కోసం మా బోటి పార్లర్లలో ఒక కిటుకు ఉండేది. మామూలు తెల్ల క్రీములో గజ్జికి, తామరకు రాసే ట్యూబు పిండి కలపడం. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన నాలుగు రోజులకే ముఖం తేటబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి పాడవుతుంది. ఇది నాకు తెలియదని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా కష్టపడ్డాను. తెలుసు. మందుల దుకాణం మనిషి ట్యూబు చేతికిస్తూ, ముఖానికి ఎక్కువ రోజులు వద్దని చెప్పాడు కూడా. నేను తల ఊపి, ఇంటికొచ్చి, రెండు చుక్కల పన్నీరు వేసి కలిపి, నా చేతి క్రీమని ఇచ్చేదాన్ని. ఖాళీ డబ్బా తెస్తే మళ్లీ నింపేదాన్ని. ఒకరిది ఒకరికి పోకూడదని మూత మీద ఎర్ర గోళ్ల రంగుతో పేరులోని మొదటి అక్షరం రాసేదాన్ని. ఎంత శుభ్రమో అని అందరూ మెచ్చుకునేవారు. లోపల ఉన్నదేమిటో తెలిసీ నేను మురిసిపోయేదాన్ని.

ఎస్తేరు అలా వచ్చినదే. పక్క ఊరు. ఊరి నర్సరీలో మొక్కలు పెంచే పని చేసేది. సంచుల్లో మట్టి నింపి, విత్తనం పెట్టి, నీళ్లు పట్టి, వానలు పడగానే వేప, కానుగ, సీతాఫలం మొక్కలు ఊరికంతా పంచేది. వాళ్లమ్మ బతుకంతా ఒకరి చేలల్లో కూలికి పోయింది. ఎస్తేరుకు మాత్రం నర్సరీ గేటు తాళంచెవి తన దగ్గర ఉండేది. దాన్ని కొంగుకు ముడేసుకుని తిరిగేది, అదేదో నగ అయినట్టు. నా క్రీముతో మంగు తేలికపడింది. ఆదివారం ప్రార్థనలో నా దుకాణం బాగుండాలని కూడా అడిగానని ఒకసారి చెప్పింది. ఆ రోజు నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది.

ఏడాది తిరిగేసరికి ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. సన్నని నరాలు పైకి కనిపించాయి. ఎండ తగిలితే మంట. ఒక పొద్దున డబ్బా పట్టుకుని వచ్చి, మర్నాడు దవాఖానకు పోతున్నానంది. ఆనాటి మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“అక్కా, గీ క్రీముతోనే గిట్లయిందంటవా?”

“క్రీమేం జేస్తది? దినమంతా ఎండల్నే ఉంటవు. ఎండ పడ్తలేదు నీకు.”

“మరి డాక్టరుకు గీ డబ్బా చూపియ్యాల్నా?”

“చూపియ్యి, నాకేం ఫికర్? అయిపోవచ్చింది గద, జర కూసో. నిండుగ చేసిస్త.”

“నువ్వెట్ల జెప్తే గట్లనే అక్కా.”

తెర వెనక్కు వెళ్లాను. ఆమె డబ్బా సొరుగులో పడేశాను. కొత్త డబ్బాలో ఏమీ కలపని తెల్ల క్రీము నింపాను. మూత మీద ఎర్ర రంగుతో ‘ఎ’ రాశాను. రంగు ఆరేదాకా నోటితో ఊదాను. భయంతో చేశానని చెప్పుకుందామంటే ఆ ఊదడమే అడ్డం వస్తుంది. భయపడ్డ మనిషి అంత నిదానంగా ఊదుతుందా? ఎవరికి భయపడ్డాను? దుకాణం మూతపడుతుందనా, పేరు పోతుందనా? ఆమె ముఖం ఏమవుతుందోనన్న భయం ఆ లెక్కలో ఎక్కడైనా ఉందా? లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

డాక్టరు డబ్బా చూసి మామూలు క్రీమేనన్నాడట. ఆయన చేతికి నేను అబద్ధం పంపాను, ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఎండ పడడం లేదు, నీడపట్టున ఉండమన్నాడు. ఎస్తేరు ఆ కొత్త డబ్బానే రాసుకుంది. అంటే ఏడాదిగా అలవాటైన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆగిపోయింది. వారంలో ముఖం వాచి, ఎర్రగా పొక్కిపోయింది. చన్నీళ్లు తగిలినా ఏడ్చేదట. నర్సరీ మానేసింది, తాళంచెవి ఇంకొకరి కొంగుకు పోయింది. ముఖం చల్లబడడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పటినుంచి ఇంట్లో కూర్చుని మిషను కుడుతోంది. గడప దాటితే కళ్లు తప్ప ముఖమంతా స్కార్ఫ్. అయినా నెలకోసారి నా దగ్గరికి వస్తూనే ఉండేది. ఎండ వల్లే ఇట్లయిందని నేను చెప్పకపోతే తెలిసేదే కాదని నాకు మొక్కేది.

రెండేళ్ల తర్వాత నల్లగొండ పోయి చర్మం డాక్టరమ్మను కలిశాను. మా చెల్లెలి సంగతని చెప్పాను. ఆమె మొత్తం విని, ఏ ట్యూబో మొదటే తెలిసి ఉంటే మెల్లగా మాన్పించేవాళ్లమని, అంత బాధ ఉండేది కాదని, ఇప్పుడైనా తీసుకురమ్మని అంది. సరేనన్నాను. బస్సు దిగేలోగా ఆ సరే కాస్తా ఎటో పోయింది.

ట్యూబులు మాత్రం ఎప్పుడో మానేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు వచ్చిన ప్రతి ఒక్కరికీ జాగ్రత్తలు చెబుతాను. పేరు లేని డబ్బాలోది ముఖానికి రాయకండి. కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి లోపల రాసి కొన్నాళ్లు చూడండి. మొటిమలు గిల్లకండి, నిమ్మకాయ రుద్దకండి. పొద్దునా సాయంత్రం చన్నీళ్లు, ఘాటులేని సబ్బు చాలు. ఎండలోకి పోయేముందు సన్‌స్క్రీన్, పైన బట్ట. డాక్టరు చీటీ లేకుండా కొన్న ట్యూబు చాలాకాలం రాస్తుంటే, దాచకుండా డాక్టరుకు చూపించండి. ఈ ఆఖరి మాట దగ్గర నా గొంతు తగ్గిపోయేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సొరుగు వైపు చూసేదాన్ని. వినేవాళ్లు నన్ను చాలా మంచిదాన్ననుకునేవారు.

పోయిన వారం ఎస్తేరు వచ్చింది. నర్సరీకి మళ్లీ రమ్మంటున్నారట. పోవాలని ప్రాణం కొట్టుకుంటోందట. కానీ ఎండ పడని ఒళ్లు కదా, పోనా వద్దా అని నన్నడిగింది. నన్ను. వద్దంటే నా గుట్టు నాతోనే ఉంటుంది. పొమ్మంటే, ఇన్నాళ్లూ ఎండ పడదన్నదానివి ఇప్పుడెట్లా పొమ్మంటున్నావని అడుగుతుంది. రేపు రా, చెబుతాను అన్నాను.

తెల్లారి ఆమె కుర్చీలో కూర్చోగానే సొరుగు తీసి డబ్బా చేతిలో పెట్టాను. ట్యూబు పేరు, రాసిన కాలం కాగితం మీద రాసి ఇచ్చాను. నల్లగొండ డాక్టరమ్మ గది ఎక్కడో చెప్పాను. కలిపింది చెప్పాను, మార్చింది చెప్పాను, ఊదింది కూడా చెప్పాను. తప్పు ఎండది కాదు, నాది అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ భారం కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుంది.

ఆమె మూత మీది అక్షరాన్ని చాలాసేపు బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. తర్వాత డబ్బా, కాగితం తీసుకుని లేచింది. ఎప్పుడూ వెళ్లేటప్పుడు చెప్పే ‘పోయొస్త అక్కా’ ఈసారి లేదు. కిటికీలోంచి చూశాను. కింద రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ఎండ. మెట్లు దిగి, చుట్టుకున్న స్కార్ఫ్ విప్పి చేత్తో పట్టుకుని, ముఖం పైకెత్తి నిలబడింది. ఆ పలచటి చర్మానికి అంత ఎండ మంచిది కాదు, కప్పుకోమని కేక వేయబోయి నోరు మూసుకున్నాను.

మళ్లీ వస్తుందో రాదో తెలియదు. ఆ సాయంత్రం తలుపు తెరుచుకుంది. ఎవరో కనుబొమలకు వచ్చారు. దారం తీసుకున్నాను. సొరుగు వైపు చూడలేదు.